తాళాలు ఇచ్చేముందు గృహనిర్వాహకుణ్ణి చూడండి



ఈ మధ్య ఆదివారం ఆరాధన ముగిశాక మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో ఒక కొత్త ప్రశ్న చేరింది. "అయ్యగారూ, షేర్లు కొనవచ్చా? అది జూదం కాదా?" అని పెద్దవాళ్లు అడుగుతున్నారు. యువకులు ఆ ప్రశ్న ఎప్పుడో దాటిపోయారు. సెల్‌ఫోన్‌లోనే డీమ్యాట్ ఖాతా తెరుచుకుని, "ఏ కంపెనీ మంచిదో చెప్పండి" అంటున్నారు.

మొదటి ప్రశ్నకు మా జవాబు చిన్నది. షేరు అంటే ఒక వ్యాపారంలో వాటా. కష్టపడి దాచుకున్న సొమ్ముతో ఒక మంచి వ్యాపారంలో వాటా కొని, ఏళ్ల తరబడి దానితో నిలబడటం జూదం కాదు. అప్పు తెచ్చి, పొద్దున కొని సాయంత్రం అమ్మి, ఒక్క రోజులో ధనవంతులం కావాలనుకోవడం మాత్రం జూదానికి బాగా దగ్గర. త్వరపడి సంపాదించిన ధనం ఎలా కరిగిపోతుందో సామెతల గ్రంథం 13వ అధ్యాయం ఏనాడో హెచ్చరించింది. రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఏ షేరు కొనాలో చెప్పడం కాపరి పని కాదు, ఈ పత్రిక పని కూడా కాదు.

అయితే ఎవరూ అడగని మూడో ప్రశ్న ఒకటి ఉంది. ఆ కంపెనీని నడిపేవాళ్లు ఎలాంటివాళ్లు? మన సొమ్ము వాళ్ల చేతిలో పెడితే దాన్ని ఎవరిదిగా చూస్తారు? ఈ ప్రశ్న మీద రాయవలసిన బాధ్యత మాకు ప్రత్యేకంగా ఉంది. ఎందుకో ముందు ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం ఒక విశ్వాసి తన కంపెనీ కొత్త ఆఫీసు ప్రారంభానికి ప్రార్థన చేయమని మమ్మల్ని పిలిచారు. వెళ్లాం, ప్రార్థించాం, ఆశీర్వదించాం. మందిర నిర్మాణానికి ఆయన ఇచ్చిన కానుక గురించి సంఘంలో కృతజ్ఞతతో చెప్పాం కూడా. మా సంఘంలో రిటైరైన ఒక ఉపాధ్యాయుడు అదంతా విన్నారు. తన పదవీ విరమణ సొమ్ములో పెద్ద భాగం పెట్టి ఆ కంపెనీ షేర్లు కొన్నారు. కొన్నాళ్లకు కంపెనీ లెక్కలు తేలలేదు, షేర్ల లావాదేవీలు ఆగిపోయాయి, సొమ్ము తిరిగి రాలేదు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరు ప్రార్థించారు కదా అని కొన్నానండీ" అని మాత్రం అన్నారు. ఆ మాట ఈనాటికీ మా మనసులో ముల్లులా ఉంది. మేము ఆఫీసును ఆశీర్వదించాం, ఆయన దాన్ని లెక్కలకు ఇచ్చిన సాక్ష్యంగా తీసుకున్నారు. ఆ తేడా వివరించవలసినవాళ్లం మేమే. వివరించలేదు.

షేరు కొన్నవాడు కంపెనీ యజమానుల్లో ఒకడు. కానీ తాళాలు అతని దగ్గర ఉండవు. మేనేజింగ్ డైరెక్టర్, డైరెక్టర్లు, వ్యాపారం స్థాపించిన ప్రమోటర్లు, వీళ్లే దాన్ని నడుపుతారు. బైబిలు భాషలో చెప్పాలంటే వాళ్లు గృహనిర్వాహకులు. గృహనిర్వాహకుడికి ఉండవలసిన మొదటి గుణం నమ్మకత్వమని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 4:2). తెలివి, చొరవ, వాక్చాతుర్యం ఆ తర్వాతివి. లూకా 16లోని నిర్వాహకుడికి తెలివి తక్కువ కాలేదు. యజమాని ఆస్తిని అతడు తన సొంతంలా వాడుకున్నాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మరి నమ్మకత్వాన్ని బయటినుంచి ఎలా తెలుసుకోవాలి? దీనికి మన హైదరాబాదులోనే జరిగిన ఒక సంగతి పాఠంగా ఉంది.

సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌ను బి. రామలింగరాజు 1987లో స్థాపించారు. ఆ కంపెనీలో ఉద్యోగం వచ్చిందంటే తెలుగు ఇళ్లల్లో పండుగ. దాని షేర్లు న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో కూడా లిస్టయ్యాయి. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. లెక్కలు చూసింది ప్రపంచంలోని నాలుగు అతిపెద్ద ఆడిట్ సంస్థల్లో ఒకదాని భారత విభాగం. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా దక్కింది. రాజు 2005లో మొదలుపెట్టిన అత్యవసర సేవా సంస్థ నడిపిన 108 అంబులెన్సులు ఎందరి ప్రాణాలో కాపాడాయి. అది అబద్ధం కాదు, మన కళ్లముందు జరిగిన మేలు.

2009 జనవరి 7న రాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. కంపెనీ పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. రాని వడ్డీని వచ్చినట్టు 376 కోట్లు చూపారు. చెల్లించవలసిన 1,230 కోట్లను పుస్తకాల్లో చూపలేదు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు. నిజమైనది 61 కోట్లు. ఆ ఒక్క రోజే షేరు ధర సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయల దగ్గరకు పడిపోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకు, మరో తొమ్మిది మందికి ఏడేళ్ల జైలు శిక్ష విధించింది. వారు అప్పీలు చేసుకోగా శిక్ష అమలు నిలిచి, బెయిలు లభించింది.

ఇక్కడ మనం చూడవలసింది ఒకటుంది. మదుపుదారులు ఏ ఆధారమూ లేకుండా నమ్మలేదు. అవార్డు, బోర్డులోని పేర్లు, పెద్ద ఆడిటర్, దానధర్మం, ఇన్ని కనిపించాయి. యెహోషువ 9వ అధ్యాయంలో ఇశ్రాయేలు పెద్దలకు కూడా ఆధారాలు కనిపించాయి. బూజు పట్టిన రొట్టెలు, చినిగిన తిత్తులు, పాత చెప్పులు. గిబియోనీయులు దూరదేశం నుంచి వచ్చారని వాటిని చూసే నమ్మారు. మూడు రోజుల తర్వాత తెలిసింది, వాళ్లు పొరుగువాళ్లేనని. ఆధారాలన్నీ చూపించదలచుకున్నవాళ్లే తెచ్చారు కాబట్టి మోసపోయారు. యాజమాన్యం తానుగా చూపించేవాటిని చూడండి, తప్పులేదు. కానీ చట్టం బలవంతం మీద వెల్లడించేవాటిని, తమది కాని సొమ్ముతో వాళ్లు వ్యవహరించిన తీరును అంతకన్నా శ్రద్ధగా చూడాలి.

ధర్మశాస్త్రం ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పవద్దంది. ఇద్దరు ముగ్గురు కావాలంది (ద్వితీయోపదేశకాండము 19:15). కంపెనీల విషయంలోనూ అదే క్షేమం. అలాంటి సాక్షుల్ని కొందరిని ఇక్కడ చెబుతాం. వీటిలో చాలావరకు కంపెనీ వార్షిక నివేదికలోను, బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలోను ఉచితంగా దొరుకుతాయి.

మొదటి సాక్షి, సొంతవాళ్లతో లావాదేవీలు. కంపెనీ తన ప్రమోటర్ల ఇతర కంపెనీలతో, వాళ్ల బంధువులతో చేసిన అమ్మకాలు, కొనుగోళ్లు, ఇచ్చిన అప్పులు, కట్టిన అద్దెలు, అన్నీ వార్షిక నివేదికలో చివరి పేజీల్లో 'రిలేటెడ్ పార్టీ' లావాదేవీల పేరుతో వేస్తారు. రంగురంగుల ఫొటోలున్న మొదటి పేజీలు పక్కన పెట్టి ముందు ఇక్కడికి రండి. ప్రమోటరు బావమరిది కంపెనీకి వడ్డీ లేని అప్పు వెళ్లిందా? ప్రమోటరు భార్య పేరున ఉన్న భవనానికి కంపెనీ అద్దె కడుతోందా? ఏటేటా ఆ మొత్తాలు పెరుగుతున్నాయా? సత్యం పతనానికి మొదటి గంట ఇక్కడే మోగింది. 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని సత్యం బోర్డు తీర్మానించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములు, కట్టడాల వ్యాపారం ఎందుకని మదుపుదారులు మండిపడటంతో మరుసటి రోజుకల్లా వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తుల్ని తెచ్చిపెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నం అదేనని తర్వాత లేఖలో రాజే రాశారు.

రెండో సాక్షి, ప్రమోటర్ల సొంత వాటా. తన వ్యాపారం మీద తనకే నమ్మకం ఉన్నవాడు వాటా నిలుపుకుంటాడు. సత్యంలో ప్రమోటర్ల వాటా 2001లో పాతిక శాతం పైచిలుకు ఉండేది, 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకు దిగింది. మిగిలిన వాటా కూడా అప్పుల కోసం తాకట్టులో ఉందని ఆఖరున బయటపడింది. ఆ దెబ్బ తర్వాతే, 2009 జనవరిలో, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరం తప్పక వెల్లడించాలని సెబీ నిబంధన తెచ్చింది. ఇప్పుడు మూడు నెలలకొకసారి కంపెనీ ఇచ్చే వాటాదారుల వివరాల్లో అది ఉంటుంది. వాటా అమ్మిన ప్రతివాడూ దోషి కాడు, తాకట్టు పెట్టిన ప్రతివాడూ మోసగాడు కాడు. పిల్లల చదువుకో, మరో వ్యాపారానికో అవసరం పడవచ్చు. కానీ వాటా ఏళ్ల తరబడి కరుగుతూ, తాకట్టు పెరుగుతూ ఉంటే ఎందుకని అడగాలి.

మూడో సాక్షి, గల్లాపెట్టె. మన వీధి కిరాణా కొట్టు సంగతే చూడండి. నెలకు లక్ష రూపాయల సరుకు అమ్మానని కొట్టు యజమాని పుస్తకంలో రాసుకోవచ్చు. సగం అరువు పోయి, ఆ అరువు ఏడాదైనా వసూలు కాకపోతే, పుస్తకంలో లాభం ఉంటుంది, గల్లాలో డబ్బు ఉండదు. కంపెనీ నివేదికలో లాభనష్టాల పట్టిక పక్కనే నగదు ప్రవాహ పట్టిక ఉంటుంది. ఐదేళ్ల లాభాలు కలపండి. ఐదేళ్లలో కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు కలపండి. రెండూ దాదాపు కలిసి నడవాలి. లాభం కొండలా, నగదు గుంటలా ఉంటే జాగ్రత్త. అలాగే బ్యాంకులో వేల కోట్లు ఉన్నాయంటున్న కంపెనీకి దానికి తగ్గ వడ్డీ వస్తోందా? అంత డబ్బుండీ మళ్లీ అధిక వడ్డీకి అప్పు ఎందుకు తెస్తోంది? ఒక మాట నిజాయతీగా చెప్పాలి. సత్యంలో నగదు, వడ్డీ రెండూ కల్పితాలే కాబట్టి ఈ సాక్షి ఒక్కడే అక్కడ పట్టుకోలేకపోయేవాడు. ఒక్క సాక్షి చాలడనేది అందుకే.

నాలుగో సాక్షి, ఆడిటరు నివేదిక. చాలామంది ఇది చదవరు. లెక్కల మీద ఆడిటరు ఏదైనా అభ్యంతరం రాశాడా, ఏదైనా విషయాన్ని ప్రత్యేకంగా గమనించమన్నాడా చూడండి. దాని అనుబంధంలో ఇంకో విలువైన సంగతి ఉంటుంది. ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ, పన్నులు, వీటిలో వివాదం లేని బకాయిలు ఆరు నెలలు దాటి చెల్లించకుండా ఉన్నాయా అన్నది ఆడిటరు చెప్పి తీరాలి. కూలివాని జీతం బిగబట్టినవాళ్ల గురించి యాకోబు ఎంత కఠినంగా రాశాడో మనకు తెలుసు (యాకోబు 5:4). కార్మికుడి పీఎఫ్ సొమ్ము పట్టుకుని వాడుకునే యాజమాన్యం, ముఖం కూడా తెలియని వాటాదారుడి సొమ్మును భద్రంగా చూస్తుందని ఎలా అనుకోగలం? కొంచెములో నమ్మకత్వం లేనివాడికి ఎక్కువలో ఉండదని ప్రభువే చెప్పాడు (లూకా 16:10).

ఐదో సాక్షి, వెళ్లిపోయేవాళ్లు. ఆడిటరు గడువు ముగియకుండా మధ్యలో తప్పుకున్నాడా? ఇద్దరు ముగ్గురు స్వతంత్ర డైరెక్టర్లు వెంటవెంటనే రాజీనామా చేశారా? లెక్కలు చూసే ఫైనాన్స్ అధికారులు తరచూ మారుతున్నారా? ఈ రాజీనామాలకు కారణాలు ఎక్స్ఛేంజీలకు తెలపాలి. అన్నిచోట్లా "వ్యక్తిగత కారణాలు" అనే రాసి ఉంటే, అంతమందికి ఒకేసారి ఆ కారణాలు ఎలా వచ్చాయని ఆలోచించండి. సత్యంలో మేటాస్ వ్యవహారం తర్వాత డిసెంబరు ముగియకముందే నలుగురు డైరెక్టర్లు తప్పుకున్నారు.

ఆరో సాక్షి, యాజమాన్యం తీసుకునే జీతం. లిస్టయిన కంపెనీలు ప్రతి డైరెక్టరు జీతానికి, మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఉన్న నిష్పత్తిని 2013 కంపెనీల చట్టం ప్రకారం వెల్లడించాలి. జీతం పెద్దదని తప్పుపట్టనక్కరలేదు. లాభం పడిపోయిన ఏడాది, డివిడెండు ఆపేసిన ఏడాది, ఉద్యోగుల్ని తీసేసిన ఏడాది పైవాళ్ల జీతం పెరిగిందా? పెరిగితే కష్టం ఎవరికి, సుఖం ఎవరికి అన్నది తెలిసిపోతుంది.

ఏడో సాక్షి, పాత మాటలు. ఐదేళ్ల కిందటి వార్షిక నివేదిక తెరిచి ఛైర్మన్ వాటాదారులకు రాసిన లేఖ చదవండి. రెండేళ్లలో కొత్త ఫ్యాక్టరీ అన్నారు, వచ్చిందా? అప్పు సగానికి తగ్గిస్తామన్నారు, తగ్గిందా? జరగకపోతే తర్వాతి ఏడాది "ఇక్కడ మేము పొరబడ్డాం" అన్నారా, లేక ఆ సంగతే ఎత్తకుండా కొత్త కల చూపించారా? వ్యాపారంలో అంచనా తప్పడం పాపం కాదు. తప్పిన అంచనాను దాచేవాడు రేపు నష్టాన్నీ దాచుతాడు. సత్యం కథ కూడా ఒక్కరోజులో అంత పెద్దది కాలేదు. ఉన్న లాభానికి, చూపిన లాభానికి మధ్య చిన్న తేడాగా మొదలై ఏటేటా పెరిగిందని ఆ లేఖే చెబుతుంది.

ఇక మన సంఘాల్లో వినిపించే మాటకు వద్దాం. "ఆయన విశ్వాసి అండీ, దశమభాగం తప్పడు." దేవునికి స్తోత్రం. కానీ అది లెక్కలకు సాక్ష్యం కాదు. అననీయ, సప్పీరా కూడా అపొస్తలుల పాదాల దగ్గర కానుక పెట్టినవాళ్లే. కానుక నిజం, దాని గురించి చెప్పిన లెక్క అబద్ధం. 1995లో అమెరికాలోని ఫిలడెల్ఫియా దగ్గర 'న్యూ ఎరా' అనే దాతృత్వ సంస్థ కూలిపోయింది. మీ సొమ్ము మా దగ్గర ఉంచితే అజ్ఞాత దాతలు దాన్ని రెట్టింపు చేస్తారని దాని నిర్వాహకుడు చెప్పాడు. ఎన్నో క్రైస్తవ కళాశాలలు, పరిచర్యలు నమ్మి సొమ్ము పెట్టాయి. ఆ దాతలు అసలు లేరు. అక్కడ మోసపోయినవాళ్లలో చదువుకున్నవాళ్లు, ప్రార్థనాపరులు ఎందరో ఉన్నారు. మనవాడే కదా అన్న నమ్మకం ముందు ప్రశ్న అడగడం వాళ్లకు అమర్యాదగా తోచింది.

ప్రశ్న అమర్యాద కాదు. సమూయేలు ముసలితనంలో జనులందరి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి అని తానే అడిగాడు (1 సమూయేలు 12). తన లెక్క తానే తెరిచి చూపించాడు. నిజాయతీ గల నిర్వాహకుడికి ప్రశ్న అంటే భయం ఉండదు. కాబట్టి ఎవరైనా సహవాస కూటంలోనో, మందిరం వరండాలోనో లిస్టుకాని కంపెనీ షేర్లు అమ్మజూపితే, ఆడిట్ అయిన లెక్కలు అడగండి. అలాంటి కంపెనీ ప్రైవేటుగా ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి సామాన్యులకు షేర్లు అమ్మజూపకూడదని చట్టం. సంఘాలు తిరిగి అందరికీ అమ్ముతున్నారంటే అక్కడే ఆగండి. "విశ్వాసం లేదా?" అని ఎదురు ప్రశ్న వేస్తే, మీ విశ్వాసం దేవుని మీద, లెక్క మనుషుల దగ్గర అని చెప్పండి.

ఇవన్నీ చూసినా మోసం జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మనుషుల హృదయాలు చూసేది దేవుడొక్కడే, మనకు కనిపించేవి ఫలాలు మాత్రమే. అందుకే ప్రసంగి 11:2 చెప్పినట్టు ఏడు భాగాలుగా, ఎనిమిది భాగాలుగా పంచి ఉంచుకోవడం వివేకం. కూతురి పెళ్లికి, కొడుకు ఫీజుకి, వైద్యానికి పెట్టుకున్న సొమ్ము షేర్లలో పెట్టకండి. నివేదిక చదివే ఓపిక, వీలు లేనివాళ్లు కొనకపోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సాక్షులు ఒకరికొకరు పొంతన లేకుండా మాట్లాడితే, ఆ షేరు ఎంత పెరుగుతున్నా వదిలేయండి. పోగొట్టుకున్న లాభం నష్టం కాదు.

ఒక్క మాటతో ముగిస్తాం. కంపెనీలను ఇలా అడగమని మీకు చెప్పి, మా సంఘాల లెక్కలు మూసి ఉంచితే మేము వేషధారులం. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోయలేదు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా నింద రాకూడదని సంఘాలు ఏర్పరచినవాళ్లను తోడు తీసుకెళ్లాడు (2 కొరింథీ 8). కానుకల లెక్క ఏటా ఆడిట్ చేయించి నోటీసు బోర్డు మీద పెట్టమని సంఘ పెద్దలను కోరుతున్నాం. మందిరంలో లెక్క అడగడం నేర్చుకున్నవాళ్లు బజారులో అడగటానికి జంకరు. ఇకపై ఎవరి వ్యాపారానికైనా ప్రార్థించడానికి వెళ్తే మేము అక్కడే నిలబడి చెప్పబోయే మాట కూడా ఇదే. ఇది ఆశీర్వాదం, లెక్కలకు పూచీ కాదు.

ఆ ఉపాధ్యాయుడు ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. ఆయనకు అప్పుడు చెప్పవలసిన మాటలు ఇప్పుడు మీకు చెప్పాం. ప్రభువు మీకు వివేచన గల మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.